పాత డీజిల్ కారుకి ఈసీయూ రీమ్యాప్ చేయించాలా, వద్దా?

నల్లమల డ్రైవర్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా బండి 2014 మోడల్, 1248 సీసీ డీజిల్, 75 హార్స్‌పవర్. 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. నేను రెండో ఓనర్‌ని. ఊళ్లో ఆఫీసుకి తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా ఘాట్‌లోనే.

రెండు నెలలకోసారి శ్రీశైలం వెళ్తాం. అయిదుగురం, డిక్కీ నిండా సామాను. మన్ననూరు నుంచి అడవిలో హాయిగా పోతుంది. ఈగలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగి, వంతెన మీదుగా సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టగానే బండి నీరుగారిపోతుంది. మూడో గేర్‌లో లాగదు. రెండో గేర్ వేస్తే ఇంజిన్ అరుపే తప్ప కదలిక లేదు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే ఆ టెన్షన్ వేరు. ఏడాది క్రితం ఇంత అధ్వాన్నంగా లేదనిపిస్తుంది, నా భ్రమ కూడా కావచ్చు. ఎక్కేటప్పుడు అద్దంలో కాస్త నల్ల పొగ కనిపిస్తోంది. డీజిల్ బండికి అది మామూలే అన్నారు.

ఒక ట్యూనింగ్ షాపు అతను ఏమన్నాడంటే, ఇదే ఇంజిన్ వేరే బండ్లలో 90 హార్స్‌పవర్ ఇస్తుందట. మన బండిలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో లాక్ చేసిందట. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లోని సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్ పెట్టి మార్చి రెండు గంటల్లో లాక్ తీసేస్తాడట, దీన్నే రీమ్యాప్ అంటారట, 18 వేలు. పైగా మైలేజ్ కూడా పెరుగుతుందన్నాడు. మా బావమరిది 'ఇంకా ఆలోచిస్తున్నావా?' అంటాడు. మా నాన్నేమో 'కంపెనీలో అంతమంది ఇంజినీర్లకి తెలియనిది వీడికి తెలుసా?' అంటాడు. వింటుంటే ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది. చేయించినవాళ్లు, చేయించి బాధపడినవాళ్లు కాస్త చెప్పండి.

టార్క్ పిచ్చోడు (విజయవాడ)

చేయించేయండి బ్రదర్. నాది రెండు లీటర్ల డీజిల్. రీమ్యాప్ అయ్యాక 40 వేల కిలోమీటర్లు తిరిగాను, బోల్టు కూడా వదులవలేదు. ముందు హైవేలో లారీని దాటాలంటే గేర్ దించి దణ్ణం పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కాలు కాస్త నొక్కితే చాలు.

కంపెనీ రాసిన సాఫ్ట్‌వేర్ వేదం అనుకునేవాళ్లకి ఒక మాట. 2015 సెప్టెంబర్‌లో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్‌ని పట్టుకుంది, గుర్తుందా? ల్యాబ్‌లో టెస్ట్ జరుగుతోందని ఈసీయూ పసిగట్టి బుద్ధిగా నడుచుకునేది, రోడ్డెక్కగానే నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వదిలేది. మన దేశంలోనూ ఆ డిసెంబర్‌లో దాదాపు 3.23 లక్షల బండ్లని వెనక్కి పిలుస్తామని ప్రకటించారు. అంటే కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ రాసేది మన కోసమా, టెస్ట్ పాసవడం కోసమా?

ఇంకోటి. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 చూడండి. అదే 2.2 డీజిల్, ఎమ్మెక్స్ వేరియంట్‌లో 155 హార్స్‌పవర్, ఏఎక్స్‌లో 185. డబ్బులు ఎక్కువ ఇస్తే ఎక్కువ గుర్రాలు. దీన్ని లాక్ అనక ఏమంటాం?

ఆటోనగర్ షెడ్డు

నల్లమల గారూ, రీమ్యాప్ సంగతి తర్వాత. 'ఏడాది క్రితం ఇంత లేదు' అన్నారు. నల్ల పొగ అన్నారు. ఆ రెండు మాటలూ నాకు నచ్చలేదు. డీజిల్ బండికి నల్ల పొగ మామూలు కాదు, ఎవరన్నారో వాళ్లనే అడగండి. కంపెనీ పెట్టిన లాక్ అయితే మొదటి రోజు నుంచీ ఉండాలి కదా, ఈ ఏడాదిలో ఎందుకు పుట్టుకొచ్చింది? స్కానర్ పెట్టి, రోడ్డు మీద లోడ్‌లో లాగించి, మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, ఎంత వస్తోందో చూడమనండి. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోకండి. సగం జబ్బులకి లైట్ రాదు.

మ్యాపుల మూర్తి (బెంగళూరు)

నేను ఇంజిన్ క్యాలిబ్రేషన్ పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఒకటి తెలుసుకోవాలి. యాక్సిలరేటర్‌కీ, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌కీ మధ్య కేబుల్ ఏమీ లేదు. పెడల్ దగ్గరున్న సెన్సర్ 'డ్రైవర్ ఇంత తొక్కాడు' అని ఓల్టేజ్ రూపంలో చెబుతుంది, అంతే. అది ఈసీయూకి ఒక అర్జీ. ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు తిరిగినట్టు ఆ అర్జీ లోపల నాలుగైదు టేబుళ్లు తిరుగుతుంది. గాలి ఎంత వస్తోంది, దానికి పొగ రాకుండా ఎంత డీజిల్ పోయవచ్చు అని ఒక టేబుల్. గేర్‌బాక్స్, క్లచ్ ఎంత టార్క్ (తిప్పే బలం) మోయగలవు అని ఇంకొకటి. కూలెంట్ వేడి, డీజిల్ వేడి, టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి కూరే పంకా) మీది భారం, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో అంకె రాస్తారు. అన్నిటిలోకీ చిన్న అంకె ఏదో అదే పాసవుతుంది. మీరు లాక్ అంటున్నది ఒకే తాళం కాదు, ఇన్ని టేబుళ్ల సంతకాలు. ఈ అంకెల పట్టికలనే మ్యాప్ అంటాం.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే, 4000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరగడానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది. చాలా ఇంజిన్లలో క్రాంక్ మీద 60 పళ్లు పట్టే చక్రంలో రెండు పళ్లు తీసేసి ఉంచుతారు. ఆ ఖాళీ సెన్సర్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. దాన్నిబట్టి నాలుగు సిలిండర్లకి కలిపి సెకనుకి 133 సార్లు డీజిల్ కొట్టిస్తుంది. ఒక్కోసారి కొట్టేదీ మళ్లీ రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. ముందు కొంచెం పైలట్, తర్వాత మెయిన్. ఆ పైలట్ లేకపోతే పాత జీపుల్లో వినిపించిన కటకట మళ్లీ వినిపిస్తుంది.

ఇప్పుడు నల్లమల గారి ఇంజిన్‌కి పైపైన లెక్క వేద్దాం. 2000 ఆర్పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్లు. అంటే సుమారు 40 కిలోవాట్లు. గంటకి దాదాపు 8.6 కిలోల డీజిల్ కావాలి. ఆ గంటలో 2,40,000 సార్లు కొట్టాలి. కాబట్టి ఒక్కో విడతకి దాదాపు 36 మిల్లీగ్రాములు, ఒక నీటిచుక్క కంటే కొంచెం తక్కువ. సిలిండర్ 312 సీసీ. మామూలు గాలి అందులో 370 మిల్లీగ్రాములు పడుతుంది. టర్బో దాన్ని రెట్టింపు దగ్గరికి, 700 దాకా, కూరుతుంది. అప్పుడు ఒక వంతు డీజిల్‌కి 19 వంతుల గాలి. శుభ్రంగా మండుతుంది.

ట్యూనర్ ఏం చేస్తాడు? 20 శాతం డీజిల్ పెంచుతాడు. 43 మిల్లీగ్రాములు. గాలి అంతే ఉంటే నిష్పత్తి 16కి పడిపోతుంది. అక్కడి నుంచి నల్ల పొగ, టర్బైన్ మీద వేడి. నిష్పత్తి నిలబెట్టాలంటే గాలి కూడా 20 శాతం పెరగాలి. అంటే లోడ్‌లో నిమిషానికి రెండు లక్షల చుట్ల దరిదాపుల్లో తిరిగే ఆ చిన్న టర్బోని ఇంకా తోలాలి. వేస్ట్‌గేట్ (టర్బో వేగాన్ని అదుపు చేసే తలుపు) కేవలం స్ప్రింగ్ మీద పనిచేసే టర్బో అయితే సాఫ్ట్‌వేర్‌తో గాలి ఒత్తిడి పెంచే వీలే ఉండదు. పెరిగేది డీజిల్ ఒక్కటే.

ఇక '75 ఇంజినే 90 ఇస్తుంది' అన్న మాట. ఇది ఫియట్ మల్టీజెట్ కుటుంబం. ఒక దశలో మన రోడ్ల మీద మారుతి, టాటా, ఫియట్ డీజిల్ కార్లు చాలావాటిలో ఇదే. బ్లాక్ ఒకటే, నిజమే. కానీ 75లో మామూలు టర్బో, 90లో రెక్కల కోణం మారే వేరియబుల్ జామెట్రీ టర్బో. ల్యాప్‌టాప్‌తో టర్బో మారదు. ఇంకా అసలు విషయం వినండి. మారుతి అమ్మిన 90 బండి టార్క్ 200 న్యూటన్ మీటర్లు, మీది 190. తేడా పది. ఆ అదనపు 15 గుర్రాలూ ఉండేది 4000 ఆర్పీఎం దగ్గర. మీరు సున్నిపెంట ఎక్కేది 2000 దగ్గర. అక్కడ మీ బండి 54, ఆ బండి 57. మీరు పడుతున్న బాధకి ఆ మూడు గుర్రాలు కారణం అయ్యుండవు.

కొత్త ఎల్ బోర్డు

మధ్యలో ఒక చిన్న డౌట్ సార్. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి చిప్ దొరుకుతోంది. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) గుచ్చితే పవర్, మైలేజ్ రెండూ పెరుగుతాయని ఉంది. ఎవరైనా వాడారా?

ఆటోనగర్ షెడ్డు

ఒక కస్టమర్ తెస్తే విప్పి చూశాను తమ్ముడూ. మూడు లైట్లు, వాటిని మిణుకు మిణుకుమనిపించే ఒక చిన్న ఐసీ. వినాయక చవితి సీరియల్ సెట్లో అంతకంటే ఎక్కువ సరుకు ఉంటుంది.

ఇంకో రకం ఉంది, ట్యూనింగ్ బాక్స్. అది నిజంగా పనిచేస్తుంది, అందుకే దానికి భయపడాలి. రెయిల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి) సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని ఈసీయూకి అబద్ధం చెబుతుంది. 1400 బార్ ఉంటే 1250 అంటుంది. ఈసీయూ నమ్మి పంపుని ఇంకా తోలుతుంది. పిల్లాడు థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచి జ్వరం లేదన్నట్టు.

టార్క్ పిచ్చోడు

మూర్తి గారూ, లెక్క బాగుంది. కానీ ఇన్ని టేబుళ్లు పెట్టి ఇంజిన్ మోయగలదానికంటే తక్కువే ఇస్తున్నారంటే, మార్జిన్ ఉన్నట్టే కదా. ఎవరి కోసం ఉంచారు ఆ మార్జిన్? మీవాళ్లు ఒకే మ్యాప్ రాసి దేశమంతా అమ్ముతారు. రెంటచింతల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడేవాడికీ అదే, లేహ్‌లో గాలి పల్చగా ఉన్నచోట ఎక్కేవాడికీ అదే. కల్తీ డీజిల్ కొట్టించేవాడికీ, ఎయిర్ ఫిల్టర్ మూడేళ్లు మార్చనివాడికీ అదే. నేను 8 వేల కిలోమీటర్లకే ఆయిల్ మారుస్తాను. లడఖ్ వెళ్లను. బంకు మార్చను. పక్కవాడి నిర్లక్ష్యానికి నా బండి ఎందుకు బరువు మోయాలి?

మీ మొత్తం వాదన చెడ్డ ట్యూనర్ మీద. మంచి ట్యూనర్ ముందు లాగ్ తీస్తాడు, డైనో (బండి పవర్ కొలిచే రోలర్ల యంత్రం) మీద పెడతాడు, గాలి ఎంత ఉందో చూసి అంతే పోస్తాడు. పై ఆర్పీఎంలో అత్యాశకి పోడు. నాకు చేసినతను 'మీ క్లచ్ పాతది, ఇంతకంటే ఇవ్వను' అని మొహం మీదే చెప్పాడు. దర్జీ చెడగొట్టాడని బట్ట కుట్టించుకోవడం మానేస్తామా?

మైలేజ్ విషయంలో మాత్రం నల్లమల గారికి ఆ షాపతను చెప్పింది సగం నిజం. కింద ఆర్పీఎంలో లాగుతుంది కాబట్టి గేర్లు తక్కువ మారుస్తాం, నెమ్మదిగా నడిపితే కొంచెం పెరుగుతుంది. కానీ నెమ్మదిగా ఎవడు నడుపుతాడు? నాకు లీటరుకి ఒక కిలోమీటరు తగ్గింది. సంతోషంగా భరిస్తున్నాను.

మ్యాపుల మూర్తి

ఇక్కడ మీతో నాకు పెద్ద తగాదా లేదు. మార్జిన్ ఉందన్నది నిజం. దాన్ని మీరు ఖర్చు పెట్టుకుంటానంటే మీ బండి మీ ఇష్టం. నా అభ్యంతరం 'లాక్ తీస్తే చాలు' అన్న మాట మీదే. బ్యాంకులో ఉన్న డబ్బుని దాచిన డబ్బు అనవచ్చు, దొరికిన డబ్బు అనకూడదు. తీస్తే తగ్గుతుంది.

మీరు చెప్పిన ఎక్స్‌యూవీ 700నే తీసుకోండి. ఏఎక్స్ మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 450. గుర్రాలు రెండిట్లోనూ 185. మాన్యువల్ కొన్నవాడి మీద కంపెనీకి పగేమీ లేదు కదా. గేర్‌బాక్స్‌నిబట్టి టార్క్ పరిమితి మారడం అన్ని కంపెనీల్లోనూ ఉన్న పద్ధతే. నేను చెప్పిన రెండో టేబుల్ సంతకం ఇలాంటిదే.

ఫోక్స్‌వాగన్ కథ గురించి. ఆ కథ మీ వైపు కంటే నా వైపే ఎక్కువ మాట్లాడుతుంది. అదే బండి, అదే ఈసీయూ, ఒక్క బోల్టు మారలేదు. సాఫ్ట్‌వేర్ ఒక్కటి అటూ ఇటూ అయితే పొగలో విషం ఎన్నో రెట్లు పెరిగింది. మీ మ్యాప్ మార్చినతను ఈజీఆర్ (కాలిన పొగని కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే ఏర్పాటు) పట్టికలో ఏం ముట్టుకున్నాడో మీకు తెలుసా? మన పొల్యూషన్ సెంటర్‌లో డీజిల్ బండికి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కించి పొగ చిక్కదనం చూస్తారు, అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. సర్టిఫికెట్ వచ్చింది కదా అనుకుంటే కుదరదు.

అరకు రూటు (విశాఖపట్నం)

నేను ట్యాక్సీ నడుపుతాను. చదువుకున్నవాళ్ల లెక్కలు నాకు రావు, జరిగింది చెబుతాను.

1,60,000 కిలోమీటర్ల దగ్గర రీమ్యాప్ చేయించాను. ఏ షాపో చెప్పను, ఇప్పుడు ఆ షాపు అక్కడ లేదు కూడా. మొదటి నెల మాత్రం బండి పక్షిలా ఉంది. అరకు ఘాట్‌లో ఎనిమిది మంది జనంతో మూడో గేర్‌లో ఎక్కేశాను. స్టాండులో అందరికీ చెప్పుకున్నాను, ఇద్దరు నా మాట మీద చేయించారు కూడా.

అయిదో నెలలో శృంగవరపుకోట దాటాక ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్పీఎం ముల్లు పైకి పోతోంది, బండి పోవడం లేదు. కాలిన వాసన. వెనక కూర్చున్న పెద్దావిడ 'ఏదో మాడుతోంది బాబూ' అంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ అన్నీ కలిపి 38 వేలు. షాపతన్ని అడిగితే 'క్లచ్ అరిగిపోయే వస్తువు, దానికీ మాకూ సంబంధం లేదు' అన్నాడు. మాట నిజమే. కానీ అంతకు ముందు క్లచ్ లక్షా ఇరవై వేల కిలోమీటర్లు వచ్చింది నాకు.

పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయమన్నాను. బ్యాకప్ పోయిందన్నాడు. చేయించేవాళ్లు ఎవరైనా సరే, ముందు మీ ఒరిజినల్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి తీసుకోండి. నేను చెప్పేది ఇదొక్కటే.

టార్క్ పిచ్చోడు

అన్నా, మీ విషయంలో సారీ. కానీ 1,60,000 తిరిగిన ట్యాక్సీకి పాత క్లచ్ మీదే టార్క్ పెంచినవాణ్ణి ట్యూనర్ అనకండి.

ఆర్సీ చదివినవాడు (వరంగల్)

ఎవరూ చట్టం మాట ఎత్తలేదేం? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ మన ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫారంలో హార్స్‌పవర్ అని ఒక గడి ఉంటుంది, చూసుకోండి. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ చేరింది. అనుమతి లేని పద్ధతిలో బండిని మారిస్తే, విడిభాగాలు బిగించి మార్చినా సరే, ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా రెండూ.

'విడిభాగాలు అన్నారు, సాఫ్ట్‌వేర్ విడిభాగం కాదు కదా' అని ఎవరైనా వాదిస్తారని తెలుసు. వాదించవచ్చు. కానీ ఆ వాదన మీరు చేయాల్సి వచ్చేది ఆర్టీవో ముందు కాదు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు. మార్పులు చెప్పకుండా దాచారని వాళ్లు ఒక లైను రాస్తే చాలు, క్లెయిమ్ వెనక మీరు తిరగాలి.

టార్క్ పిచ్చోడు

సర్వేయర్ గుద్దుకున్న బండిలో ఈసీయూ చదువుతాడా? ఎక్కడ చూశారు?

ఆర్సీ చదివినవాడు

ఈరోజు చదవడు. ఒప్పుకుంటాను. కానీ చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మార్చి ఎక్కించారో లెక్క నిలిచి ఉంటుంది. వారంటీలో ఉన్న బండికి షోరూమ్‌వాళ్లు ఇప్పటికే చూస్తున్నారు.

ఫ్రీమాంట్ బాబాయ్ (కాలిఫోర్నియా)

ఇక్కడి సంగతి చెబుతాను, అక్కడికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ అని రెండేళ్లకోసారి ఉంటుంది. 2021 జులై నుంచి ఆ టెస్ట్‌లో ఓబీడీ ద్వారా ఈసీయూ సాఫ్ట్‌వేర్ గుర్తింపు కూడా చదువుతున్నారు. కంపెనీ ఇచ్చినదో, రాష్ట్రం ఆమోదించినదో కాకపోతే ఫెయిల్. పొగ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. మా పక్కింటి కుర్రాడు, గుంటూరు వాడే, తన టర్బో కారుకి ట్యూన్ వేయించాడు. రెండేళ్లకోసారి టెస్ట్‌కి ముందు ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాడు, దాని మీద వారం తిరుగుతాడు. ఎందుకంటే ఎక్కించిన వెంటనే వెళ్తే బండి తనని తాను చెక్ చేసుకోవడం పూర్తికాదు, ఆ రికార్డు ఖాళీగా కనిపిస్తుంది. తర్వాత మళ్లీ ట్యూన్. ఈ తంతు చూస్తే నాకు నవ్వొస్తుంది. వాడికి మాత్రం సరదాగానే ఉంది.

నల్లమల డ్రైవర్

ఆలస్యమైంది, అందరూ క్షమించాలి. ఆదివారం మా పేటలోనే తెలిసిన ఒక షెడ్డుకి వెళ్లాను, షెడ్డు గారు చెప్పినట్టే చేయమన్నాను. మెకానిక్ స్కానర్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో ఫ్లైఓవర్ ఎక్కే చోట మూడో గేర్‌లో పూర్తిగా తొక్కమన్నాడు. 2500 దగ్గర మ్యానిఫోల్డ్ ప్రెషర్ 1.42 బార్. అతనేం మాట్లాడలేదు. వెనక్కి తీసుకెళ్లి, షెడ్డులో సర్వీస్‌కి వచ్చిన అదే ఇంజిన్ బండిలో కూర్చోబెట్టి అదే రోడ్డు, అదే గేర్. 1.93.

బండిని లేపి చూస్తే టర్బో నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే రబ్బరు హోస్ కింది వైపు మూడు వేళ్ల వెడల్పున పగిలింది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. చేత్తో వంచితేనే నోరు తెరుస్తోంది. దాని చుట్టూ ఆయిల్, దుమ్ము కలిసి నల్లటి పేస్టులా గట్టిపడి ఉంది. 'ఇది ఈ నెలది కాదు సార్' అన్నాడు. హోస్ 1,400, కూలీ 300.

నిన్ననే శ్రీశైలం వెళ్లొచ్చాం. సున్నిపెంట వైపు మూడో గేర్‌లోనే ఎక్కింది. అద్దంలో పొగ లేదు. మా ఆవిడ 'ఈసారి తిట్టుకోకుండా నడిపావు' అంది.

మూర్తి గారూ, ఒకటి అర్థం కాలేదు. గాలి తక్కువైతే ఈసీయూ డీజిల్ తగ్గిస్తుందన్నారు కదా, మరి నల్ల పొగ ఎందుకు వచ్చింది? లైట్ ఎందుకు వెలగలేదు?

మ్యాపుల మూర్తి

మంచి ప్రశ్న. గాలిని తూచే సెన్సర్ ఎక్కడుంది? ఎయిర్ ఫిల్టర్ పక్కన, టర్బోకి ముందు. మీ చిల్లు టర్బో తర్వాత. లోపలికి వచ్చిన గాలి లెక్క పుస్తకంలో ఎక్కింది, దారిలో కొంత బయటికి పోయింది. ఈసీయూ మొదటి టేబుల్ 'గాలి వచ్చింది' అని సంతకం పెట్టి డీజిల్ పోయించింది. సిలిండర్‌లో గాలి లేదు. అదీ మీ పొగ. లైట్ వెలగాలంటే తేడా ఒక హద్దు దాటి, కొంతసేపు అలాగే నిలవాలి. మీ చిల్లు లోడ్‌లోనే తెరుచుకునేది, గేర్ మార్చగానే మూసుకునేది. ఈసీయూకి గట్టి సాక్ష్యం దొరకలేదు.

ఇదే స్థితిలో రీమ్యాప్ చేయించి ఉంటే లేని గాలికి ఇంకో 20 శాతం డీజిల్. మొదటి వారం 'కొంచెం లాగుతోంది' అనిపించేది కూడా. ఆ తర్వాత టర్బో.

టార్క్ పిచ్చోడు

సరే, హోస్ విషయంలో షెడ్డు గారికి దణ్ణం. కానీ చర్చ అక్కడ ముగిసినట్టు మాట్లాడకండి. జబ్బు బండికి రీమ్యాప్ వద్దు అని నేనూ అంటాను. ఇప్పుడు నల్లమల గారి బండి ఆరోగ్యంగా ఉంది. 1.93 బార్ వస్తోంది. ఇప్పుడు మంచి చోట, డైనో మీద, పది శాతం, కింది ఆర్పీఎంలో మాత్రమే. దీనికి ఎవరైనా గట్టి అభ్యంతరం చెప్పండి, పొగ గురించి కాకుండా.

ఆటోనగర్ షెడ్డు

క్లచ్ ఎప్పుడు మార్చారో ఆయనకి తెలుసా? రెండో ఓనర్ కదా.

నల్లమల డ్రైవర్

తెలియదండీ. మొదటి ఓనర్‌కి ఫోన్ చేసి అడుగుతాను. బావమరిదికి మాత్రం ఇంకా హోస్ సంగతి చెప్పలేదు, రీమ్యాప్ చేయించాననే అనుకుంటున్నాడు. నిన్న నడిపి చూసి 'నేను చెప్పలేదా, పికప్ ఎలా ఉందో!' అన్నాడు.